చలిని సీసాలో నిలిపిన శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవర్

ఖరగ్‌పూర్ (గోల్‌బజార్), మార్చి 27: పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌కు గోల్‌బజార్ పాత అంగడివీధి. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర తీరం నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే సరుకులు కొంటున్నాయి. రాత్రి డ్యూటీకి వెళ్లే కార్మికుడి చేతిసంచిలో వేడి టీని తెల్లవారేదాకా నిలిపే థర్మాస్ ఫ్లాస్కు ఇలాంటి బజార్లలో అందరూ ఎరిగిన వస్తువు. అయితే ఆ ఫ్లాస్కు మొదట వేడిని కాపాడేందుకు పుట్టలేదు. సున్నాకు దాదాపు 190 డిగ్రీల కింద మరిగే ద్రవాన్ని ఆవిరైపోకుండా ఆపడానికి పుట్టింది. దానిని రూపొందించిన స్కాట్లాండ్ శాస్త్రవేత్త సర్ జేమ్స్ డ్యూవర్ 1923 మార్చి 27న లండన్‌లో కన్నుమూశారు. నేడు ఆయన వర్ధంతి.

గోల్‌బజార్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, హిజ్లీలోని ఐఐటీ ప్రాంగణంలో 1976 నుంచి క్రయోజెనిక్ ఇంజినీరింగ్ కేంద్రం పనిచేస్తోంది. అతిశీతల ఉష్ణోగ్రతల వద్ద వాయువులను ద్రవంగా మార్చడం, నిల్వచేయడం, తరలించడం ఈ విద్యకు మూలాంశాలు. ద్రవీకృత సహజ వాయువు టెర్మినళ్లు, ఆసుపత్రుల ఆక్సిజన్ ట్యాంకులు, శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ల క్రయోజెనిక్ దశలు అన్నీ ఈ విద్య మీదే ఆధారపడ్డాయి. వీటి వెనుక ఒక మనిషి పట్టుదల, ప్రతిభ, పంతం, ఓటమి కలగలిసిన కథ ఉంది.

మంచు పెంకు విరిగిన రోజు

డ్యూవర్ 1842 సెప్టెంబరు 20న స్కాట్లాండ్‌లోని ఫోర్త్ నది ఒడ్డున ఉన్న కింకార్డిన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి థామస్ డ్యూవర్ మద్య వర్తకుడు. ఆరుగురు కుమారుల్లో జేమ్స్ చివరివాడు.

పదేళ్ల వయసులో ఆ బాలుడు గడ్డకట్టిన నీటిమీద నడుస్తుండగా మంచు పెంకు విరిగి చల్లటి నీటిలో పడిపోయాడు. ఆ దెబ్బకు తీవ్రమైన కీళ్ల జ్వరం పట్టుకుంది. దాదాపు రెండేళ్లు సరిగా నడవలేకపోయాడు, బడికి దూరమయ్యాడు. ఆ రోజుల్లోనే ఊరి వడ్రంగి దగ్గర కూర్చుని వయొలిన్ తయారుచేయడం నేర్చుకున్నాడు. కొయ్యను పలుచగా చెక్కడం, వంచడం, అతకడం, వెంట్రుకవాసి తేడాను వేలికొసలతో పసిగట్టడం అలవాటయ్యాయి. తన ప్రయోగ నైపుణ్యానికి ఆ వడ్రంగి పనే పునాది అని డ్యూవర్ తరువాతి కాలంలో భావించేవారు. 1854 సంవత్సరం, తన పేరు చెక్కి ఉన్న ఒక వయొలిన్‌ను 1921లో ఆయన వివాహ స్వర్ణోత్సవంలో వాయించారు.

పదిహేనేళ్లు నిండేసరికి తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయారు. డాలర్ అకాడమీలో చదువు ముగించి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ రసాయన శాస్త్రాచార్యుడు లయన్ ప్లేఫెయిర్‌కు సహాయకుడయ్యారు. బెంజీన్ అణువు నిర్మాణం ఎలా ఉండవచ్చునో చూపే ఇత్తడి నమూనాను యువ డ్యూవర్ తయారుచేయగా, ప్లేఫెయిర్ దానిని ఆ రంగంలో దిగ్గజమైన కెకూలేకు పంపారు. ఫలితంగా 1867 వేసవిలో బెల్జియంలోని ఘెంట్ నగరంలో కెకూలే ప్రయోగశాలలో పనిచేసే అవకాశం లభించింది. ఆ నమూనాల్లో ఒకదానిని రసాయన శాస్త్ర గ్రంథాలు నేటికీ డ్యూవర్ బెంజీన్ అనే పిలుస్తున్నాయి.

1871లో హెలెన్ రోజ్ బ్యాంక్స్‌ను వివాహమాడారు. వారికి సంతానం లేదు. 1875లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జాక్సోనియన్ ప్రొఫెసర్‌గా, 1877లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫుల్లేరియన్ ప్రొఫెసర్‌గా నియమితులయ్యారు. ఈ రెండు పదవులూ మరణించేవరకు ఆయన వద్దే ఉన్నాయి. మనసు మాత్రం లండన్ ప్రయోగశాలకే అంకితమైంది.

లొంగని వాయువులు

రాయల్ ఇన్‌స్టిట్యూషన్ మైకేల్ ఫారడే పనిచేసిన చోటు. 1823లో ఫారడే అక్కడే క్లోరిన్‌ను ద్రవంగా మార్చారు. ఆ తరువాత ఎన్నో వాయువులు ఒత్తిడికీ చలికీ లొంగాయి. ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్, మీథేన్ వంటి కొన్ని మాత్రం ఎంత అదిమినా ద్రవం కాలేదు. వాటిని శాశ్వత వాయువులని పిలిచారు. సహజ వాయువులో ప్రధాన భాగమైన మీథేన్ ఈ మొండి వాయువుల జాబితాలో ఉండడం గమనార్హం.

ప్రతి వాయువుకూ ఒక సందిగ్ధ ఉష్ణోగ్రత ఉంటుందని, అంతకంటే వెచ్చగా ఉన్నంతవరకు ఎంత ఒత్తిడి పెట్టినా అది ద్రవం కాదని 1860లలో థామస్ ఆండ్రూస్ పరిశోధనలు తేల్చాయి. అంటే కావలసింది మరింత బలం కాదని, మరింత చలి అని స్పష్టమైంది. 1877లో ఫ్రాన్స్‌లో కయ్యెటె, స్విట్జర్లాండ్‌లో పిక్టె వేర్వేరుగా ఆక్సిజన్‌ను మంచుతుంపరగా చూడగలిగారు. 1883లో పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీలు ఆక్సిజన్‌ను పాత్రలో నిలిచే ద్రవంగా సాధించారు.

డ్యూవర్ ఆ బాట పట్టి, ఉపన్యాస మందిరంలో ప్రేక్షకుల ఎదుటే ద్రవ ఆక్సిజన్‌ను చూపించే స్థాయికి చేరారు. 1891లో ద్రవ ఆక్సిజన్ అయస్కాంతానికి ఆకర్షితమవుతుందని నిరూపించారు. శుక్రవారం సాయంత్రాల్లో జరిగే ఆయన ప్రదర్శనలకు లండన్ నగర ప్రముఖులు తరలివచ్చేవారు.

ఈ పనిలో ప్రాణాపాయం పొంచి ఉండేది. అధిక ఒత్తిడిలో ఉన్న గొట్టాలు, గాజు పాత్రలు ఎప్పుడు పగులుతాయో తెలిసేది కాదు. 1886లో జరిగిన పేలుడులో డ్యూవర్ తీవ్రంగా గాయపడ్డారు. ఆయన సహాయకులు రాబర్ట్ లెనాక్స్, హీత్ ప్రయోగశాల ప్రమాదాల్లో చెరొక కన్ను పోగొట్టుకున్నారు. పత్రాలపై డ్యూవర్ పేరే కనిపించినా, ఆ యంత్రాలను నడిపిన చేతులు వారివి.

శూన్యమే కవచం

ద్రవ వాయువును తయారుచేయడం ఒక ఎత్తు, నిలపడం మరొక ఎత్తు. మామూలు పాత్రలో పోసిన ద్రవ ఆక్సిజన్ గది వేడికే సలసల మరిగి మాయమయ్యేది. పాత్ర వెలుపల తేమ గడ్డకట్టి లోపల ఏముందో కనిపించేది కాదు. కొలతలు తీయడానికి వ్యవధి ఉండేది కాదు.

వేడి మూడు మార్గాల్లో ప్రయాణిస్తుంది. వస్తువు గుండా పాకుతుంది, కదిలే గాలితో కలిసి వెళుతుంది, కిరణాలుగా ప్రసరిస్తుంది. 1892లో డ్యూవర్ ఈ మూడింటికీ ఒకే పాత్రతో అడ్డుకట్ట వేశారు. ఒక గాజు పాత్రను మరొక గాజు పాత్రలో ఉంచి, మెడ దగ్గర మాత్రమే రెండింటినీ అతికించి, నడుమ ఉన్న గాలిని తోడివేశారు. గాలి లేనిచోట మొదటి రెండు మార్గాలు దాదాపు మూసుకుపోయాయి. గాజు గోడలకు వెండి పూత పూయగా కిరణాలు అద్దంమీద పడినట్లు వెనుదిరిగాయి. ఇక మిగిలింది పలుచని మెడ గుండా పాకే కొద్దిపాటి వేడి మాత్రమే. ద్రవ వాయువు గంటల తరబడి నిశ్చలంగా నిలిచింది.

దాదాపు ఇరవై ఏళ్ల కిందట ఉష్ణ కొలతల కోసం వాడిన శూన్యపు ఇత్తడి పాత్ర అనుభవం ఇక్కడ ఆయనకు అక్కరకొచ్చింది. బొగ్గుకు వాయువులను పీల్చుకునే గుణం ఉందని, బాగా చల్లబరిస్తే ఆ గుణం ఎన్నో రెట్లు పెరుగుతుందని కూడా ఆయన పరిశోధించారు. గోడల నడుమ కొద్దిగా బొగ్గు ఉంచితే మిగిలిపోయిన గాలిని అదే పీల్చి శూన్యాన్ని కాపాడుతుంది. దీంతో గాజుకు బదులు లోహంతో పాత్రలు చేయడం సాధ్యమైంది. నేటి క్రయోజెనిక్ ట్యాంకుల శూన్య కవచంలోనూ వాయువులను పీల్చే పదార్థాన్ని ఉంచడం ఆనవాయితీ.

డ్యూవర్ ఈ పాత్రకు పేటెంటు తీసుకోలేదు. జర్మనీలోని గాజు పనివాడు రైన్‌హోల్డ్ బర్గర్ దానికి లోహపు తొడుగు అమర్చి, ఇంటి వాడకానికి అనువుగా మలిచి 1903లో పేటెంటు పొందారు. మరుసటి ఏడాది థర్మాస్ పేరుతో వ్యాపారం మొదలైంది. ప్రపంచమంతటా అమ్ముడైన ఆ వస్తువు లాభంలో దాని మూలపురుషునికి వాటా దక్కలేదు. ప్రయోగశాలల్లో మాత్రం ఆ పాత్ర పేరు నేటికీ డ్యూవరే.

హైడ్రోజన్‌పై విజయం

సంపీడనం చెందిన వాయువును సన్నని రంధ్రం గుండా వదిలితే అది చల్లబడుతుంది. అలా చల్లబడిన వాయువును వెనక్కి మళ్లించి, కొత్తగా వస్తున్న వాయువు గొట్టం చుట్టూ తిప్పితే అది మరింత చల్లబడుతుంది. ఈ చక్రం తిరిగేకొద్దీ చివరకు ద్రవపు బొట్లు రాలతాయి. 1895లో జర్మనీలో కార్ల్ లిండే, ఇంగ్లండ్‌లో విలియం హాంప్సన్ ఈ పద్ధతిపై పేటెంట్లు పొందారు. గాలిని టన్నులకొద్దీ ద్రవంగా మార్చే పరిశ్రమ అక్కడే మొదలైంది. సహజ వాయువును చల్లబరిచే ప్లాంట్లలోని ఉష్ణ వినిమయ యంత్రాలకూ మూలసూత్రం ఇదే.

హైడ్రోజన్‌తో ఒక చిక్కు ఉంది. గది ఉష్ణోగ్రత వద్ద రంధ్రం గుండా వదిలితే అది చల్లబడకపోగా వేడెక్కుతుంది. ముందుగానే దానిని బాగా చల్లబరిస్తే తప్ప ఈ పద్ధతి పనిచేయదు. డ్యూవర్ హైడ్రోజన్‌ను ద్రవ గాలితో సున్నాకు 200 డిగ్రీల కిందివరకు చల్లార్చి, సుమారు 180 వాతావరణ పీడనాల ఒత్తిడి నుంచి శూన్యపాత్రలోకి వదిలారు. 1898 మే 10న దాదాపు 20 ఘన సెంటీమీటర్ల ద్రవ హైడ్రోజన్ ఆ పాత్ర అడుగున చేరింది. ప్రపంచంలో అలా పాత్రలో నిలిచిన తొలి ద్రవ హైడ్రోజన్ అదే. దాని మరుగు స్థానం మైనస్ 253 డిగ్రీల సెల్సియస్. మరుసటి ఏడాది దానిని ఘనరూపంలోకి కూడా మార్చారు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో తన పట్టాలు, కార్ఖానా స్థిరపరుస్తున్న కాలం కూడా ఇంచుమించు ఇదే. నాటి లండన్ గాజుపాత్రలో కొన్ని చెంచాల పరిమాణంలో కనిపించిన ద్రవ హైడ్రోజన్, 2014 జనవరి 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన జీఎస్‌ఎల్‌వీ డీ5 రాకెట్‌లో భారత్ సొంతంగా నిర్మించిన క్రయోజెనిక్ ఇంజిన్‌కు ఇంధనమైంది.

పంతం చెల్లించిన మూల్యం

హైడ్రోజన్ తరువాత మిగిలిన శిఖరం హీలియం. దానిని భూమిమీద 1895లో గుర్తించినవారు లండన్‌లోనే ఉన్న విలియం రామ్సే. డ్యూవర్ ప్రయోగశాలకు కొద్ది దూరంలోనే ఆయన పనిచేసేవారు. హీలియం వాయువును సేకరించి శుద్ధిచేయడంలో రామ్సేకు సాటి లేదు. అతిశీతలాన్ని సాధించడంలో డ్యూవర్‌కు సాటి లేదు. ఇద్దరూ చేతులు కలిపి ఉంటే ఫలితం మరోలా ఉండేది.

అయితే వారి నడుమ పలుకరింపులు కూడా సవ్యంగా లేవు. హైడ్రోజన్‌ను ఓల్షెవ్‌స్కీ ముందే ద్రవంగా మార్చారని రామ్సే బహిరంగ సభలో పేర్కొనడం, అది నిజం కాదని తేలడంతో వెనక్కి తగ్గాల్సి రావడం వైరాన్ని పెంచాయి. హాంప్సన్‌తోనూ డ్యూవర్‌కు వివాదమే. తన ఆలోచన ఆ ప్రయోగశాలకు ముందే చేరిందని హాంప్సన్ వాదించగా, డ్యూవర్ అంగీకరించలేదు. ప్రయోగశాల ద్వారాలు పోటీదారులకు మూసుకుపోయాయి. నేర్పరులైన శిష్యుల బృందాన్ని కూడా ఆయన తయారుచేసుకోలేదు.

హీలియం కోసం డ్యూవర్ ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణపు వేడినీటి ఊటలను ఆశ్రయించారు. ఆ వాయువులో కలిసివచ్చిన నియాన్ చలికి గడ్డకట్టి సన్నని గొట్టాలను మూసివేసేది. దానిని శుద్ధిచేసే నైపుణ్యం పొరుగునే ఉన్నా అడిగే వీలు లేకపోయింది.

అదే సమయంలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో హైకె కామర్లింగ్ ఓనెస్ వేరే దారిలో వెళ్లారు. ప్రయోగశాలకు అనుబంధంగా పరికరాల తయారీదారులకు, గాజు పనివారికి పాఠశాల నడిపారు. తమ పద్ధతులను, యంత్రాల వివరాలను క్రమం తప్పకుండా ప్రచురించారు. 1908 జులై 10న ఆ బృందం హీలియంను ద్రవంగా మార్చింది. ఆ ద్రవాన్ని పట్టి నిలిపినవి డ్యూవర్ కనుగొన్న శూన్య పాత్రలే. 1911లో అక్కడే అతివాహకత్వం బయటపడింది. 1913లో కామర్లింగ్ ఓనెస్‌కు నోబెల్ బహుమతి లభించింది. రామ్సే 1904లోనే నోబెల్ అందుకున్నారు. డ్యూవర్ పేరు పలుమార్లు ప్రతిపాదనకు వచ్చినా ఆ గౌరవం దక్కలేదు. 1904లో సర్ బిరుదు, 1916లో రాయల్ సొసైటీ కోప్లీ పతకం వంటి పురస్కారాలు మాత్రం అందాయి.

మొదటి ప్రపంచ యుద్ధంతో నిధులు, మనుషులు కరువై అతిశీతల పరిశోధన ఆగిపోయింది. వృద్ధాప్యంలో ఆయన సబ్బు బుడగల పలుచని పొరలను అధ్యయనం చేస్తూ గడిపారు. 80 ఏళ్ల వయసులోనూ పదవీ విరమణ చేయకుండా, పనిలో ఉండగానే మరణించారు.

డ్యూవర్ ఖాతాలో యుద్ధ సామగ్రి కూడా ఉందని మరువరాదు. 1889లో ఫ్రెడరిక్ ఏబెల్‌తో కలిసి పొగ తక్కువగా వచ్చే కార్డైట్ మందుగుండును రూపొందించారు. దీనిపై ఆల్‌ఫ్రెడ్ నోబెల్ వర్గం వేసిన పేటెంటు దావా బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠం వరకు వెళ్లి 1895లో నోబెల్‌కు వ్యతిరేకంగా ముగిసింది.

గాజుపాత్ర నుంచి ఓడల వరకు

మీథేన్ సుమారు మైనస్ 162 డిగ్రీల వద్ద ద్రవమవుతుంది. అలా మారినప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు 600 రెట్లు తగ్గుతుంది. పైపులైను వేయలేని సముద్రాల మీదుగా వాయువును ఓడలో తరలించడం అందువల్లే సాధ్యమవుతోంది. డ్యూవర్ ఎదుర్కొన్న ప్రశ్నే ఇక్కడ లక్షల రెట్లు పెద్దదై నిలుస్తుంది: ఇంత చల్లని ద్రవాన్ని వెచ్చని లోకంలో ఎలా నిలపాలి?

ఈ ప్రశ్నను తేలికగా తీసుకుంటే ఏమవుతుందో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరం చూసింది. 1944 అక్టోబరు 20న అక్కడి ద్రవ వాయువు ట్యాంకు ఒకటి విఫలమైంది. బయటికి పొర్లిన ద్రవం వీధుల్లోకి, మురుగు కాలువల్లోకి పాకి మంటలంటుకుంది. దాదాపు 130 మంది మరణించారు. అతిశీతలంలో మామూలు ఉక్కు గాజులా పెళుసవుతుంది. ఆ ట్యాంకు ఉక్కులో నికెల్ శాతం 3.5 మాత్రమే. నేటి ట్యాంకుల లోపలి గోడకు 9 శాతం నికెల్ కలిసిన ఉక్కు వాడుతున్నారు. దాని చుట్టూ కాంక్రీటు గోడ కట్టి, రెండింటి నడుమ పెర్లైట్ అనే తేలికైన ఉష్ణ నిరోధక పొడి నింపుతారు. లోపలిది పగిలినా ద్రవం బయటికి రాకుండా వెలుపలి గోడ ఆపుతుంది. గోడ లోపల మరో గోడ అనే డ్యూవర్ ఆలోచనకు భద్రత కూడా తోడైన రూపమిది.

ఇంత పెద్ద ట్యాంకుల గోడల మధ్య శూన్యం కల్పించడం ఆచరణ సాధ్యం కాదు. రోడ్డుమీద తిరిగే ఎల్‌ఎన్‌జీ ట్యాంకర్లు, ఆసుపత్రుల ఆవరణలో నిలువెత్తుగా కనిపించే ఆక్సిజన్ ట్యాంకులు మాత్రం నేటికీ శూన్య కవచంతోనే తయారవుతున్నాయి. అవి అక్షరాలా ఉక్కుతో చేసిన ఫ్లాస్కులు. ఎంత కట్టుదిట్టం చేసినా కొద్దిపాటి వేడి లోపలికి చేరుతూనే ఉంటుంది. దానివల్ల ఆవిరైన వాయువును వృథా పోనీయకుండా మళ్లీ ద్రవంగా మార్చడమో, ఇంధనంగా వాడడమో చేస్తారు.

1959లో మీథేన్ పయనీర్ అనే ఓడ అమెరికాలోని లేక్ చార్లెస్ నుంచి ద్రవ వాయువును మోసుకుని అట్లాంటిక్ దాటింది. అది లంగరు వేసిన చోటు థేమ్స్ నదీముఖంలోని క్యాన్వీ దీవి. డ్యూవర్ జీవితమంతా శ్రమించిన లండన్ నగరానికి దిగువన, అదే నది ఒడ్డున సముద్రాంతర ఎల్‌ఎన్‌జీ రవాణా తొలి అడుగు వేసింది.

భారత్‌లో తొలి ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ గుజరాత్‌లోని దహేజ్‌లో 2004లో ప్రారంభమైంది. తూర్పు తీరంలో 2019లో తమిళనాడులోని ఎన్నూరు, 2023లో ఒడిశాలోని ధామ్రా టెర్మినళ్లు వచ్చాయి. ఈ రెండింటి సామర్థ్యం ఏటా చెరి 50 లక్షల టన్నులు. ఖరగ్‌పూర్‌కు దక్షిణాన, బంగాళాఖాతం ఒడ్డునే ధామ్రా ఉంది.

ఈ రంగంలో ఉపాధి కోరుకునే యువతకు డ్యూవర్ జీవితం రెండు విషయాలు తెలుపుతుంది. చేతిపని తెలిసిన శాస్త్రజ్ఞుడు ప్రకృతి మూసిన తలుపులు తెరవగలడన్నది మొదటిది. తలుపు తెరిచిన వాడు తోటివారిని లోపలికి రానీయకపోతే తరువాతి గదికి ఇంకొకరు ముందుగా చేరతారన్నది రెండవది. వెల్డింగ్‌లో వెంట్రుకంత పగులు కూడా ప్రమాదమైన క్రయోజెనిక్ ప్లాంట్లలో ఇంజినీరు, ఫిట్టరు, వెల్డరు ఒకరి మాట ఒకరు వినవలసిందే. లెనాక్స్, హీత్ కోల్పోయిన చూపు, క్లీవ్‌లాండ్‌లో పోయిన ప్రాణాలు ఆ అవసరాన్ని గుర్తుచేస్తూనే ఉంటాయి.